ఏ మెట్టు మీద కూర్చుందాం?

పిల్లలూ, రాత్రిపూట ఊళ్లో భాగవతం ఆడుతున్నారంటే మీకు మొదట వచ్చే ఆలోచన ఏమిటి? కథ సంగతి తరవాత. ముందు, ఎక్కడ కూర్చోవాలి?

మీది పలాస, టెక్కలి ప్రాంతమైతే నేను చెప్పేది మీకు వెంటనే తెలిసిపోతుంది. మిగిలినవారి కోసం కొంచెం వివరిస్తాను. శ్రీకాకుళం జిల్లాలో పలాసకు తూర్పున వజ్రపుకొత్తూరు మొదలుకొని ఉత్తరాన మందస, సోంపేట, కవిటి దాకా సముద్రం వెంబడి ఉన్న నేలను ఉద్దానం అంటారు. ఉద్యానం అన్న మాటే వాడుకలో ఉద్దానం అయిందని పెద్దలు చెబుతారు. పేరుకు తగినట్టే అదంతా తోట. ఎటు చూసినా కొబ్బరి, జీడిమామిడి, పనస. పడమట మహేంద్రగిరి, తూర్పున బంగాళాఖాతం. కాలికింద ఇసుక.

ఈ ఊళ్లలో అమ్మవారి పండుగలు వస్తే తూర్పు భాగవతం ఆడించటం పాత అలవాటు. సత్యభామ వేషం కట్టేది మగవాడే. మద్దెలగాడు మద్దెలను నడుముకు కట్టుకుని, నిలబడి వాయిస్తూ, భామ వెనకే తిరుగుతాడు. ఆ దరువుకు పక్క ఊరి కుక్కలు కూడా లేచి కూర్చుంటాయి.

ఇక కూర్చునే చోట్ల సంగతి వినండి. నేను చిన్నప్పుడు అన్నీ ప్రయత్నించి చూశాను.

అన్నిటికన్నా ముందు, ఇసకలో చాప మీద కూర్చుంటే భామ కాలిగజ్జెలు ఒక్కొక్కటీ లెక్కపెట్టవచ్చు. కాని మెడ ఎత్తి ఎత్తి నొప్పి పుడుతుంది. మధ్యలో కూర్చుంటే మన ముందు తలపాగా కట్టిన తాతగారు ఒకరు తప్పకుండా ఉంటారు. ఆ రాత్రంతా మనం చూసేది తలపాగానే! అరుగు మీద కూర్చుంటే బాగా కనిపిస్తుంది కాని, అది ముసలమ్మలది, మనల్ని కూర్చోనివ్వరు. జీడిమామిడి కొమ్మ ఎక్కితే అందరికన్నా బాగా కనిపిస్తుంది. అయితే నిద్ర వస్తే కింద పడతాం. నేను ఒకసారి పడ్డాను.

ఆ చెట్టు ఇప్పుడు లేదు. 2018 అక్టోబరు 11న తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో లెక్కలేనన్ని కొబ్బరి చెట్లూ జీడిచెట్లూ నేలకూలాయి. వాటితో బాటు నా ‘కుర్చీ’ కూడా పోయింది.

కిందటేడు పండుగకు మా అక్క పిల్లలిద్దరినీ భాగవతానికి తీసుకుపోయాను. కాసేపటికి చిన్నది నా చెయ్యి లాగి, “మావయ్యా, నాకేటీ కనబడట్లేదు. అందరికీ కనబడే చోటు ఎక్కడా ఉండదా?” అన్నది.

“ఎందుకుండదు? అట్లాంటి చోటు సుమారు పదిహేడు వందల ఏళ్ల కిందటే కట్టారు. అది మన రాష్ట్రంలోనే ఉంది,” అన్నాను.

“అయితే తీసుకుపో,” అన్నది. పెద్దవాడు కూడా చెల్లెలితో గొంతు కలిపాడు. మాట అన్న తరవాత తప్పుతుందా? సెలవులు రాగానే ముగ్గురం బయలుదేరాం. మీరూ రండి, పోదాం.

పలాసలో రైలు ఎక్కేటప్పుడు మా అక్క రెండు పెద్ద సీసాల నిండా కాచి చల్లార్చిన నీళ్లు పోసి ఇచ్చింది. “బయట నీళ్లు తాగకండి,” అని మూడుసార్లు చెప్పింది. ఉద్దానంలో తల్లులు నీళ్ల విషయంలో ఎంత జాగ్రత్తగా ఉంటారో, దానికి కారణమేమిటో తరవాత చెబుతాను.

రైల్లో కాలక్షేపానికి ఒక ఆట పెట్టుకున్నాం: పెద్ద నదులను లెక్కపెట్టటం. ముందు వంశధార, తరవాత నాగావళి. రాజమహేంద్రవరం దగ్గర గోదావరి. ఆ వంతెన ఎంతకీ అయిపోదు! విజయవాడ దగ్గర కృష్ణ. నాలుగు లెక్క తేలేసరికి గుంటూరు వచ్చింది. అక్కడ దిగి మాచర్ల మీదుగా నాగార్జునసాగరం చేరాం. జలాశయం కుడిగట్టు మీద పల్నాడు జిల్లాలో అనుపు అనే చోటు ఉంది. మేము చూడవలసింది అక్కడే ఉంది.

ఎండ మండిపోతున్నది. దారి పక్క ఒకావిడ కొబ్బరిబొండాలు అమ్ముతున్నది. ధర అడిగితే యాభై రూపాయలన్నది. పెద్దవాడు కళ్లు పెద్దవి చేశాడు.

“మా ఊళ్లో ఇరవయ్యే!” అన్నాడు.

“మీ ఊళ్లో అయితే నేనూ ఇరవైకే తాగుతాను, నాయనా. మా కాడ కొబ్బరితోటలు యాడున్నాయి? దూరాన్నుంచి లారీలో రావాల. ఒకరు కొయ్యాల, ఒకరు మొయ్యాల, ఒకరు తోలాల. అందరూ బతకాల గదా!” అన్నది ఆమె నవ్వుతూ.

చూశారా, ధర అంటే ఏమిటో ఆమె ఎంత తేలిగ్గా చెప్పిందో! ఏ వస్తువైనా పుట్టినచోటి నుంచి మన చేతికి వచ్చేదాకా ఎంతమంది చేతులు మారుతుందో, అంతమంది కష్టమూ ధరలో కలుస్తుంది. మేము రెండు బొండాలు కొని ముగ్గురం పంచుకున్నాం. పక్కన నిమ్మసోడా ఇరవై, మజ్జిగ పదిహేను. మజ్జిగే మేలని మరొక సారి తాగాం. ఇంత దూరం వచ్చి ఖర్చు చూసుకుంటే ఎట్లా!

ఇక రంగస్థలం చూద్దాం.

మీరు సినిమాహాలు వంటిది ఊహించుకోకండి. దానికి పైకప్పు లేదు, తెర లేదు, తలుపు లేదు. మధ్యలో చదునైన నేల. పొడవు సుమారు 16 మీటర్లు, వెడల్పు 14 మీటర్లకు కొంచెం తక్కువ. ఆటగాళ్లు ఆడేది అక్కడ. దానికి నాలుగువైపులా మెట్లు. ఒక వరస కన్నా దాని వెనక వరస ఎత్తు. ప్రేక్షకులు కూర్చునేది ఆ మెట్ల మీదే. మెట్లను ఇటుకలతో కట్టి, పైన రాతిపలకలు పరిచారు. సుమారు వెయ్యిమంది కూర్చోవచ్చునని పరిశోధకులు లెక్కవేశారు.

దీన్ని కట్టింది ఇక్ష్వాకు రాజుల కాలంలో. శాతవాహనుల తరవాత, క్రీస్తుశకం మూడవ శతాబ్దంలో, వాళ్లు కృష్ణ ఒడ్డున విజయపురి రాజధానిగా పాలించారు. వీరపురుషదత్తుడు, ఎహువుల శాంతమూలుడు ఆ వంశంవారే. విజయపురిలో బౌద్ధ విహారాలుండేవి, శివాలయాలుండేవి, స్నానఘట్టాలుండేవి. దూరదేశాల నుంచి భిక్షువులు వచ్చి చదువుకునేవారు. ఈ రంగస్థలానికి దగ్గరగా హారీతి గుడి కూడా ఉండేది.

హారీతి ఎవరో తెలుసా? బౌద్ధ కథల్లో ఆమె మొదట పరుల పిల్లలను ఎత్తుకుపోయే రాక్షసి. ఆమెకు వందలకొద్దీ బిడ్డలు. బుద్ధుడు వారిలో కడగొట్టు బిడ్డను తన భిక్షాపాత్ర కింద దాచిపెట్టాడట. హారీతి లోకమంతా వెతికి ఏడుస్తూ వచ్చింది. “ఇంతమందిలో ఒక్కడు కనిపించకపోతేనే నీకింత దుఃఖం. ఉన్న ఒక్కడినీ పోగొట్టుకున్న తల్లికి ఎట్లా ఉంటుంది?” అని బుద్ధుడు అడిగాడు. హారీతి సిగ్గుపడి, ఆనాటి నుంచి పిల్లలను కాపాడే దేవత అయింది. పిల్లలను కాపాడే దేవత దగ్గరే రంగస్థలం ఉన్నదంటే, పిల్లలకు ముందువరసలో చోటు దొరికే ఉంటుందని మా చిన్నదాని అభిప్రాయం!

“ఇప్పుడు చెప్పు, ఎక్కడ కూర్చుంటావు?” అని అడిగాను. అది కింది మెట్టు మీద కూర్చుని చూసింది, మధ్య మెట్టు మీద కూర్చుని చూసింది, పైకెక్కి చూసింది. “ఎక్కడైనా ఒకటే మావయ్యా, అన్నిచోట్లా కనబడుతోంది,” అన్నది.

ఇది ఎట్లా సాధ్యం? మనిషి కంటికీ నడినెత్తికీ మధ్య సుమారు 12 సెంటీమీటర్లు ఉంటుంది. చదునైన నేల మీద అందరూ కూర్చుంటే ముందువాడి నెత్తి వెనకవాడి కంటికి అడ్డం వస్తుంది. వెనక వరసను ఆ 12 సెంటీమీటర్ల కన్నా బాగా ఎత్తు చేస్తే, చూపు ముందువాడి నెత్తి మీదుగా పోయి రంగం మీద వాలుతుంది. ఆటగాళ్లు మనకన్నా కింద ఉన్నారు కనక చూపు కిందికి వాలాలి. అందుకే ప్రతి మెట్టూ అంత ఎత్తుగా ఉండాలి. ఇంత చిన్న లెక్కతో తలపాగా తాతగారి బాధ తీరిపోయింది!

కనిపించటం సరే. వినిపించటం మాటేమిటి? చిన్నదాన్ని కింద రంగం మధ్యలో నిలబెట్టి, పెద్దవాడూ నేనూ పైమెట్టు ఎక్కాం. “అరవకు. మామూలుగా ఎక్కం చెప్పు,” అన్నాను. అది పదమూడో ఎక్కం మొదలుపెట్టింది. ఒక్కొక్క మాటా స్పష్టంగా వినిపించింది. ఏడు పదమూళ్ల దగ్గర తప్పు చెప్పిన సంగతి కూడా వినిపించింది!

దీనికీ కారణం ఉంది. ధ్వని గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. చదునైన నేల మీద అది ముందు కూర్చున్నవారి బట్టలకూ ఒంటికీ తగిలి సగం ఇంకిపోతుంది. మెట్ల మీద కూర్చుంటే తలల మీదుగా నేరుగా మన చెవికి వస్తుంది. అంతేకాక, రాతిపలకలకు తగిలిన ధ్వని తిరిగి వస్తుంది. ఆ తిరిగివచ్చిన ధ్వని సెకనులో ఇరవయ్యోవంతు లోపల చెవిని చేరితే, చెవి దాన్ని వేరే శబ్దంగా ఎంచదు. మొదటి మాటతో కలిపి వింటుంది. అందుచేత మాటకు బలం వస్తుంది. ఇంకా ఆలస్యంగా వస్తే అది ప్రతిధ్వని అయి మాట చెడుతుంది. ఈ రంగస్థలం చిన్నది కనక ఆ చిక్కు లేదు.

మన ఉద్దానంలో సంగతి వేరు. ఇసక ధ్వనిని తాగేస్తుంది. పైగా వెనక సముద్రం హోరు. అందుకే మన భాగవతులు హెచ్చు శ్రుతిలో పాడతారు, మద్దెల అంత బిగ్గరగా మోగుతుంది. విజయపురివారు మెట్లు కట్టి చేసిన పనిని మనవాళ్లు గొంతుతో, చేతులతో చేస్తున్నారన్నమాట!

ఇట్లాంటి రంగస్థలాల్లో లోకప్రసిద్ధమైనది గ్రీసు దేశంలో ఎపిడారస్ అనేచోట ఉన్నది. క్రీస్తుకు పూర్వం నాలుగవ శతాబ్దంలో కొండవాలు మీద కట్టారు. మొదట 34 వరసలు. తరవాత మరో 21 చేర్చారు. సుమారు 14 వేలమంది కూర్చోవచ్చు. అక్కడి సున్నపురాతి మెట్లు గాలి హోరు, జనం గొణుగుడు వంటి బొంగురు శబ్దాలను తగ్గించి, గొంతులోని సన్నని ధ్వనులను మిగులుస్తాయని 2007లో కొందరు శాస్త్రజ్ఞులు కనుక్కున్నారు. గుసగుసలాడినా చివరి వరసకు వినిపిస్తుందని యాత్రికులకు చెబుతూ వచ్చారు. 2017లో హాలెండు నుంచి వచ్చిన పరిశోధకులు వేలకొద్దీ కొలతలు తీసుకుని, అది నిజం కాదని తేల్చారు. బాగా గొంతెత్తి మాట్లాడితే వినిపిస్తుంది కాని, గుసగుస అంత దూరం పోదట. చూశారా, ఎంత పాతమాటైనా కొలిచి చూడవలసిందే!

ఇంతలో పెద్దవాడు ఒక ప్రశ్న వేశాడు. “మావయ్యా, పదిహేడు వందల ఏళ్లనాటిదన్నావు. మరి ఇంత కొత్తగా ఉందేం?”

నేను జలాశయం వైపు చెయ్యి చూపించాను. “ఇది మొదట ఇక్కడ లేదు. అదిగో, ఆ నీళ్ల అడుగున ఉండేది.”

జరిగినది ఇది. విజయపురి శిథిలాలు 1926లో బయటపడ్డాయి. తరవాత పండితులు చాలాసార్లు తవ్వి చూశారు. ఈలోగా కృష్ణకు ఆనకట్ట కట్టాలని నిశ్చయమైంది. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. ఆనకట్ట పూర్తయితే లోయ మొత్తం మునిగిపోతుంది. అందుచేత 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం అనే పురాతత్త్వవేత్త ఆధ్వర్యంలో లోయనంతా తవ్వారు. ఒకపక్క ఆనకట్ట లేస్తున్నది. ఇంకోపక్క వీళ్లు తవ్వుతున్నారు, కొలుస్తున్నారు, పటాలు గీస్తున్నారు. నీళ్లు వచ్చే లోపల పని అయిపోవాలి! కొన్ని కట్టడాలను కొండమీద తిరిగి కట్టారు. నీళ్లు నిండాక ఆ కొండే దీవి అయింది. దాని మీద 1966లో మ్యూజియం తెరిచారు. రంగస్థలాన్ని ఇక్కడ, అనుపులో, తిరిగి కట్టారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు.

దాదాపు ఆ రోజుల్లోనే ఈజిప్టులో నైలునదికి ఆస్వాన్ దగ్గర పెద్ద ఆనకట్ట కడుతూ ఉంటే, అబూ సింబెల్ గుళ్లను ముక్కలుగా కోసి, ఎత్తయిన చోటికి తరలించి తిరిగి అతికారు.

పెద్దవాడు చాలాసేపు నీళ్లవైపు చూసి, “అంత పాత ఊరిని ముంచేసి నీళ్లు నిలపటం న్యాయమేనా?” అన్నాడు.

ఇది తేలిక ప్రశ్న కాదు. మునిగింది పాత ఊరు మాత్రమే కాదు. ఆ లోయలో బతికినవాళ్లు తమ ఇళ్లూ పొలాలూ వదిలి పోవలసివచ్చింది. రంగస్థలాన్ని తిరిగి కట్టవచ్చు. పుట్టిన ఊరిని తిరిగి కట్టటం ఎవరి తరం? మరోపక్క, ఆ నీళ్లు రాకముందు వానకోసం ఆకాశం కేసి చూసిన లక్షల ఎకరాల్లో ఈనాడు పంట పండుతున్నది. నేను వాడికి అవునని గాని కాదని గాని చెప్పలేదు. ఇంకొక సంగతి చెప్పాను.

“మీ అమ్మ నీళ్లు కాచి ఇచ్చి, బయట తాగొద్దని మూడుసార్లు చెప్పింది కదా. ఎందుకు?”

వాడికి తెలుసు. ఉద్దానంలో ఆ సంగతి తెలియని పిల్లవాడు ఉండడు. అక్కడ ఎంతోమందికి మూత్రపిండాలు పాడయ్యే జబ్బు వస్తున్నది. 1990ల నుంచీ వైద్యులు దాన్ని గమనిస్తున్నారు. తాగే నీరా, ఎండలో పనా, మరొకటా, లేక అన్నీ కలిసా అని కారణం కోసం ఇంకా వెతుకుతూనే ఉన్నారు. వాడి స్నేహితుడి నాన్న వారానికి రెండుసార్లు రక్తం శుద్ధి చేయించుకోవటానికి ఆస్పత్రికి పోతాడు. 2023 డిసెంబరులో వంశధార నీటిని హిరమండలం జలాశయం నుంచి గొట్టాల ద్వారా ఉద్దానం ఊళ్లకు తెచ్చే పథకాన్ని ప్రారంభించారు. అదే రోజున పలాసలో మూత్రపిండాల పరిశోధనా కేంద్రాన్ని, ఆస్పత్రిని కూడా తెరిచారు. మంచినీటి కోసం అక్కడివాళ్లు ఎన్ని ఏళ్లు ఎదురుచూశారో వాడు ఇంట్లో విన్నాడు.

“బొండం యాభై, సోడా ఇరవై, మజ్జిగ పదిహేను. మరి గుక్కెడు నీళ్ల ధర ఎంత?” అని అడిగాను.

వాడు జవాబు చెప్పలేదు. చేతిలోని సీసాలో అడుగున కొంచెం నీళ్లు మిగిలి ఉన్నాయి. మామూలుగా అయితే పారబోసేవాడు. ఆనాడు చెల్లెలికి సగం ఇచ్చి, మిగతా సగం చుక్క లేకుండా తాగాడు.

సాయంకాలం దాకా ఆ మెట్ల మీదే కూర్చున్నాం. వెయ్యిమంది కూర్చునే చోట ముగ్గురమే! కాని ఎవరో వచ్చి ఆట మొదలుపెడతారేమో అన్నట్టుగా ఉన్నది.

ఈ కథకు కొసరు ఇంకొంచెం ఉన్నది. ఈ ఏడు పండుగకు మా ఊళ్లో మళ్లీ భాగవతం పెట్టారు. పొద్దుగూకకముందే పిల్లలిద్దరూ మాయమయ్యారు. వెళ్లి చూద్దును గదా, ఊళ్లో పిల్లలనందరినీ పోగుచేసి వరసలు కడుతున్నారు! ముందు చాపల మీద చిన్నపిల్లలు. వాళ్ల వెనక పీటల మీద కొంచెం పెద్దవాళ్లు. ఆ వెనక బల్లలు, వాటి వెనక కుర్చీలు. అన్నిటికీ వెనక నిలబడి చూసే కుర్రకారు. ఇసకలో మెట్లు కట్టటం కుదరదు గాని, మనుషులనే మెట్లుగా కూర్చోపెట్టారన్నమాట! పక్కగా ఒక కుండ నిండా మంచినీళ్లు, దానిమీద మూత, మూతమీద గ్లాసు. ఎవరు తాగినా ధర లేదు. మిగిలిన నీళ్లు పారబొయ్యకూడదన్నది ఒక్కటే షరతు.

తలపాగా తాతగారు వచ్చి తన మామూలు చోటులో, మధ్యలో చతికిలబడబోయారు. చిన్నది ఆయన చెయ్యి పట్టుకుని తీసుకుపోయి కుర్చీల వరసలో కూర్చోపెట్టింది. వినికిడి తక్కువైన ఒక ముసలమ్మను మాత్రం అరుగు మీది నుంచి దింపి, మద్దెల దగ్గరగా ముందుకు తెచ్చింది. “అవ్వకి కనబడితే చాలదు, వినబడాలి,” అన్నది.

ఆ రాత్రి ఎవ్వరూ మెడ చాచి చూడలేదు. మీ ఊళ్లోనూ ఆట పెట్టినప్పుడు ఇట్లా చేసి చూడండి. ముందు రోజే ఒకరిని రంగం దగ్గర నిలబెట్టి ఎక్కం చెప్పమనండి. మీరు అడుగులు లెక్కపెట్టుకుంటూ వెనక్కు నడవండి. మాట ఎక్కడిదాకా వినిపిస్తుందో అక్కడ గీత గీయండి. అదే పని బడి మెట్ల దగ్గర చేసి, రెండు లెక్కలూ పోల్చండి. ఏడు పదమూళ్లు ఎంతో మాత్రం ముందే చూసుకోండి!